సూరత్ ఉత్తరాలు: దగ్గరి రాళ్లు, దూరపు పిట్టలు

సందేహాలు - సమాధానాలు

ఈసారి సంచిలో సూరత్ ఉత్తరాలే ఎక్కువ. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పనికి వెళ్లి లింబాయత్, డిండోలి, ఉధ్నా వైపు స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు కొందరు రాశారు. బట్టల మార్కెట్లో, వజ్రాల ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు కొందరు రాశారు. అందరి దగ్గరా కెమెరా ఉంది, దాంతో వచ్చిన కిట్ లెన్స్ ఉంది. ఇప్పుడు మాక్రో వైపో టెలీ వైపో పోవాలనుకుంటున్నారు. అందుకే ఈ పేజీ మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నాను.

ఒక్క మనవి. మీరు తీయబోయేది ఎంత పెద్దది, మీకు ఎంత దూరంలో ఉంటుంది? ఈ రెండు కొలతలూ రాసి పంపండి. అవి లేకుండా లెన్స్ పేరు చెప్పమన్న ఉత్తరాలను పక్కన పెట్టాల్సి వచ్చింది. కొలతలు రాసి మళ్లీ పంపితే తప్పకుండా జవాబిస్తాను.

ప్రశ్న: మా నాన్న పవర్‌లూమ్ నడుపుతారు. నేను కార్పొరేషన్ వాళ్ల తెలుగు మీడియం బడిలో చదువుకున్నాను, ఇప్పుడు ఓ మిల్లులో లెక్కలు రాస్తున్నాను. కేనన్ 1500డి, 18-55, 55-250 లెన్సులు ఉన్నాయి. చలికాలంలో తాపీ నది కాజ్‌వే దగ్గరికి వచ్చే గల్స్‌నీ, ఆదివారాలు గవియర్ చెరువు దగ్గర పిట్టల్నీ తీస్తుంటాను. పిట్ట చిన్నగా, మసగ్గా వస్తోంది. 150-600 లెన్స్ కొనమని ఒకరు, బాడీ మార్చి మిర్రర్‌లెస్ తీసుకోమని ఒకరు అంటున్నారు. రెండూ కొనే స్తోమత లేదు. ముందు ఏది కొనాలి?
- ఓ పాఠకుడు, లింబాయత్

జవాబు: కాజ్‌వే సంగతి వేరు, గవియర్ సంగతి వేరు. రెండూ కలిపి ఆలోచించడం వల్లే మీకు ఎటూ తేలడం లేదు. లెక్క వేసి చూద్దాం. ఫోకల్ లెంగ్త్‌ని పిట్ట పొడవుతో హెచ్చించి, దూరంతో భాగించండి. సెన్సర్ మీద పిట్ట ఎంత పొడవున పడుతుందో తెలుస్తుంది.

గల్ సుమారు 40 సెంటీమీటర్లు ఉంటుంది. కాజ్‌వే దగ్గర అది మీకు 20 మీటర్ల దూరంలో ఎగురుతోందనుకుందాం. 250 మి.మీ. దగ్గర సెన్సర్ మీద పడేది 5 మి.మీ. మీ కెమెరా సెన్సర్ వెడల్పు 22.3 మి.మీ., అడ్డంగా 6000 పిక్సెళ్లు. అంటే పిట్టకి 1,300 పిక్సెళ్ల పైనే దక్కుతున్నాయి. చుట్టూ కత్తిరించి అచ్చు వేసినా పిట్ట ఒక్కటే నాలుగంగుళాల పొడవున శుభ్రంగా వస్తుంది. కాజ్‌వే దగ్గర మీకు లెన్స్ కొరత లేదు.

మరి మసక ఎందుకు? షట్టర్ స్పీడ్ చాలడం లేదు. ఆటో మోడ్‌లో ఉంచితే కెమెరా తనకు తోచిన స్పీడ్ పెట్టుకుంటుంది, రెక్క కొట్టే పిట్టకి అది సరిపోదు. డయల్ 'టీవీ' మీద పెట్టి సెకనులో 2000వ వంతు ఇవ్వండి. ఐఎస్ఓ ఆటోలో వదిలేయండి. ఫోకస్ 'ఏఐ సర్వో'లో పెట్టి మధ్య పాయింట్ ఒక్కటే ఎంచుకోండి. 1500డిలో ఉన్న 9 పాయింట్లలో గట్టిగా పనిచేసేది ఆ నడిమిదే. ఉదయం ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి. ఇవన్నీ పైసా ఖర్చు లేనివి. ముందు ఈ చలికాలం ఇలా తీసి చూడండి. గల్స్ దగ్గరికి రావాలని గాంఠియా మాత్రం వేయకండి. నూనెలో వేయించిన ఉప్పు తిండి వాటికి మంచిది కాదు.

గవియర్ దగ్గర కథ మారుతుంది. లకుముకి పిట్ట 28 సెంటీమీటర్లు ఉంటుంది. ఒడ్డు నుంచి 40 మీటర్ల దూరంలో కొమ్మ మీద కూర్చుంటే 250 మి.మీ.తో దానికి దక్కేవి 470 పిక్సెళ్లు. అది ఫోన్ తెర మీద చూసుకోవడానికే. 600 మి.మీ. అయితే 1,130 పిక్సెళ్లు. ఇక్కడ పొడుగు లెన్స్ నిజంగానే కావాలి. కాబట్టి గవియర్ మీదే మీ మనసుంటే లెన్స్ ముందు, బాడీ తర్వాత. సిగ్మా 150-600 కాంటెంపరరీ గానీ టామ్రాన్ 150-600 జీ2 గానీ సెకండ్ హ్యాండ్‌లో చూడండి. రెండూ రెండు కిలోల అటూ ఇటూ బరువు. మీ 55-250 నాలుగు వందల గ్రాములు కూడా ఉండదు. కొనేముందు ఎవరి దగ్గరైనా అడిగి ఓ గంట మెడలో వేసుకుని తిరగండి, మోనోపాడ్ ఖర్చు కూడా లెక్కలో పెట్టుకోండి.

లెన్స్ ముందు కొనమనడానికి ఇంకో కారణం ఉంది. రేపు మీరు కేనన్ ఆర్10 లాంటి మిర్రర్‌లెస్ కొన్నా, ఈఎఫ్ లెన్సులన్నీ కేనన్ ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్‌తో దాని మీద పనిచేస్తాయి. మీ 55-250 కూడా పనిచేస్తుంది. వేరే కంపెనీ లెన్స్ అయితే అడాప్టర్‌తో పెట్టి ఫోకస్ ఆడుతోందో లేదో దుకాణంలోనే చూసుకోవాలి. అలా కాకుండా ఎగిరే గల్సే మీ ప్రాణం అయితే మాత్రం ముందు బాడీ. 1500డి సెకనుకి 3 ఫొటోలు తీస్తుంది. 2022లో వచ్చిన ఆర్10 మెకానికల్ షట్టర్‌తోనే 15 తీస్తుంది, పిట్ట కన్నుని అదే వెతికి పట్టుకుంటుంది. ఆ తేడా చిన్నది కాదు.

చివరగా ఒకటి. పొద్దెక్కాక నీళ్ల మీద నుంచి వేడిగాలి లేస్తుంది. 600 మి.మీ.తో 60 మీటర్ల అవతల తీస్తే ఆ గాలి కదలికే ఫొటోని చెరుపుతుంది. లక్షలు పోసిన లెన్స్ కూడా అక్కడ ఓడిపోతుంది. సూరత్‌లో చలికాలం మధ్యాహ్నాలు కూడా వేడిగానే ఉంటాయి. తొమ్మిది దాటకముందే పని ముగించుకోండి.

ప్రశ్న: వరాఛాలో ఓ డైమండ్ ఆఫీసులో అసార్టింగ్ చేస్తాను. బయటి పార్టీలకు వాట్సాప్‌లో రాళ్ల ఫొటోలు పంపాలి. ఫోన్‌కి క్లిప్ లెన్స్ పెడితే రాయి అంచులకి రంగులు వస్తున్నాయి, నడుమ తెల్లగా పేలిపోతోంది. నా దగ్గర నికాన్ డి5600 ఉంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొంటే తప్ప లాభం లేదని దుకాణం వాళ్లు చెప్పారు. నిజమేనా?
- ఓ పాఠకుడు, వరాఛా

జవాబు: మీ పనికి అది నిజం కాదు. మీ ఊళ్లో వజ్రాన్ని సెంట్లలో కొలుస్తారు, మీకు నేను చెప్పేదేముంది! 100 సెంట్ల రౌండ్ బ్రిలియంట్ సుమారు ఆరున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. 1:1 మాక్రో లెన్స్ అంటే ఆరున్నర మిల్లీమీటర్ల రాయి సెన్సర్ మీద కూడా ఆరున్నర మిల్లీమీటర్లే పడుతుంది. డి5600 సెన్సర్ 23.5 × 15.6 మి.మీ. అంటే ఫ్రేము ఎత్తులో నూటికి 42 వంతులు రాయే. అడ్డంగా 1,600 పిక్సెళ్ల పైన వస్తాయి. వాట్సాప్‌కి ఇది చాలా ఎక్కువ. అదే లెన్స్‌ని 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ మీద పెడితే రాయి ఫ్రేములో ఇంకా చిన్నదైపోతుంది, ఎత్తులో 27 వంతులే వస్తుంది. చిన్న వస్తువుకి చిన్న సెన్సరే మేలు. డబ్బు లెన్స్ మీద, అంతకంటే ఎక్కువ లైటు మీద పెట్టండి.

లెన్స్ సంగతి. నికాన్ మాక్రో లెన్సుల మీద 'మైక్రో' అని రాసి ఉంటుంది, రెండూ ఒకటే. డి5600 బాడీలో ఫోకస్ మోటారు లేదు, కాబట్టి ఏఎఫ్-డి లెన్సులు దాని మీద ఆటోఫోకస్ చేయవు. మీకది లోటే కాదు. రాయిని ఎలాగూ చేత్తోనే ఫోకస్ చేయాలి. అందువల్ల పాత 105 మి.మీ. ఏఎఫ్-డి మైక్రో మంచి స్థితిలో దొరికితే నిక్షేపంగా తీసుకోండి. 40 మి.మీ. డీఎక్స్ మైక్రో చవక. కానీ 1:1 దగ్గర దాని మూతికీ రాయికీ మధ్య మూడు నాలుగు సెంటీమీటర్లే మిగులుతాయి, లెన్స్ నీడ రాయి మీదే పడుతుంది. 90, 100, 105 మి.మీ. లెన్సులు కాస్త దూరం ఇస్తాయి. మీ పనికి అవే కావాలి.

ఇప్పుడు అసలు చిక్కు. 1:1 దగ్గర ఎఫ్/8 పెట్టినా స్ఫుటంగా కనిపించే మందం 0.6 మి.మీ. చిల్లరే. పోనీ అని ఎఫ్/32కి వెళ్తే ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది. 1:1 దగ్గర అపెర్చర్ అంకె రెట్టింపు అయినట్టే పనిచేస్తుంది, ఎఫ్/8 అక్కడ ఎఫ్/16తో సమానం. అందుకే వజ్రాల ఫొటోగ్రాఫర్లు ఒక్క ఫొటో తీయరు. ఎఫ్/5.6, ఎఫ్/8 మధ్యలో ఉంచి, కెమెరాని మాక్రో రైలు మీద బిగించి, స్క్రూ తిప్పుతూ 0.4 మి.మీ. చొప్పున జరుపుతూ వరసగా తీస్తారు. వాటిని హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఒకటిగా కలుపుతారు. రాయి లోతు 4 మి.మీ. కదా, పది ఫొటోలు కావాలనుకుంటాం. పైనుంచి తీసేటప్పుడు అన్ని అక్కర్లేదు. వజ్రం వక్రీభవన గుణకం 2.42. ఆ 4 మి.మీ. లోతు పైనుంచి చూస్తే రెండు మిల్లీమీటర్లు కూడా లేనట్టు కనిపిస్తుంది. ఐదారు ఫొటోలు చాలు. పక్క నుంచి తీస్తే మాత్రం ఎనిమిది, పది వేసుకోండి. షట్టర్ బటన్ మీద వేలు పెట్టకండి, టైమర్ వాడండి. కింద ట్రాఫిక్ పోతుంటే మూడో అంతస్తు బల్ల కూడా వణుకుతుంది, 1:1 దగ్గర ఆ వణుకు ఫొటోలో తెలిసిపోతుంది.

లైటు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, మీ ఫొటో పేలిపోయేది ఇక్కడే. వజ్రానికి సొంత రూపం తక్కువ, తన చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తుంది. రింగ్ లైట్ పెడితే రాయి పైనున్న టేబుల్ ఫేసెట్ మీద, పక్క ఫేసెట్లలో తెల్లటి చక్రం పడుతుంది. నాలుగువైపులా తెల్లటి టెంట్ కట్టి లైట్లు గుప్పిస్తే రాయి పాలిపోయి గాజుముక్కలా కనిపిస్తుంది. తెలుపు పక్కన నలుపు లేకపోతే మెరుపు పుట్టదు. టెంట్ లోపల రెండు మూడు చోట్ల వేలెడు వెడల్పు నల్ల అట్టముక్కలు నిలబెట్టి, ఒక్కోదాన్నీ కొద్దికొద్దిగా జరుపుతూ లైవ్ వ్యూ పెద్దది చేసి చూడండి. ఒక చోటికి రాగానే ఫేసెట్ల గీతలన్నీ ఒక్కసారిగా విడివడి కనిపిస్తాయి. అక్కడ ఆపండి. ఆ అట్టల స్థానాన్ని బల్ల మీద టేపుతో గుర్తు పెట్టుకుంటే రోజూ వెతుక్కోనక్కర్లేదు.

రంగు విషయంలో జాగ్రత్త. డీ రంగు రాయి జీ లాగా కనిపిస్తే పార్టీ దగ్గర మీ మాట పోతుంది. సీఆర్ఐ 95 పైన ఉన్న ఎల్ఈడీ లైట్లే వాడండి, గదిలో ట్యూబులైట్ ఆర్పేయండి. గ్రే కార్డు పెట్టి వైట్ బ్యాలెన్స్ చేత్తో సెట్ చేసుకోండి. ఫొటో చూసి కొనేవాళ్లకి మీరు చూపేది రాయిలో ఉన్నదే కావాలి. నల్లచుక్కని ఎడిటింగ్‌లో చెరిపేయడం లాంటివి అసలు వద్దు.

ప్రశ్న: ఎస్‌వీఎన్ఐటీలో ఇంజినీరింగ్ చదువుతున్నాను, మాది విజయవాడ. వర్షాకాలంలో హాస్టల్ చుట్టూ సాలీళ్లు, తూనీగలు, పెంకుపురుగులు బోలెడు. కేనన్ 200డి, 55-250 ఉన్నాయి. మాక్రో లెన్స్ కొనే డబ్బు లేదు. ఎక్స్‌టెన్షన్ ట్యూబులు మేలా, క్లోజప్ లెన్స్ మేలా?
- ఓ విద్యార్థిని, ఇచ్ఛానాథ్

జవాబు: అమ్మాయీ, నీకు క్లోజప్ లెన్సే మేలు. అందులోనూ రేనాక్స్ డీసీఆర్-150. లెన్స్ ముందు క్లిప్పులా పట్టుకుంటుంది, నీ 55-250 మూతికి సరిగ్గా సరిపోతుంది. దాని పవర్ 4.8 డయాప్టర్లు, అంటే ఫోకల్ లెంగ్త్ సుమారు 208 మి.మీ. నీ లెన్స్ 250 దగ్గర పెట్టి ఇది తగిలిస్తే 250ని 208తో భాగించినంత, అంటే 1.2 రెట్లు వస్తుంది. 1:1 మాక్రో లెన్స్ ఇచ్చేదానికంటే ఒక పిసరు ఎక్కువే! పైగా పురుగుకీ నీకూ మధ్య దాదాపు 20 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది, అది బెదరదు. డీసీఆర్-250 దీనికంటే శక్తివంతం, 8 డయాప్టర్లు. మొదట్లోనే దాన్ని పట్టుకుంటే పురుగు ఫ్రేములో ఎక్కడుందో వెతుక్కోవడంతోనే సరిపోతుంది. 150తో మొదలుపెట్టు.

ట్యూబుల పద్ధతి వేరు. ట్యూబు పొడవుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత పెరుగుతుందో తెలుస్తుంది. 50 మి.మీ. లెన్స్‌కి 25 మి.మీ. ట్యూబు అర రెట్టు పెంచుతుంది, 250 మి.మీ. లెన్స్‌కి పదో వంతే. అందుకే అవి చిన్న లెన్సులకే లాభం. కొంటే పిన్నులున్నవే కొనాలి, లేకపోతే అపెర్చర్ నీ చేతిలో ఉండదు.

మిగిలిన డబ్బు ఫ్లాష్‌కి పెట్టు. ఎఫ్/11, సెకనులో 200వ వంతు, ఐఎస్ఓ 100-200, వెలుగంతా ఫ్లాష్‌దే. ఫ్లాష్ ముందు తెల్లటి పల్చటి ప్లాస్టిక్ షీటు వంచి, లెన్స్ మూతి దాకా గొడుగులా వచ్చేటట్టు కట్టుకో. పెంకుపురుగు వీపు మీద తెల్లటి చుక్క బదులు మెత్తటి వెలుగు పరుచుకుంటుంది. తూనీగలకి తెల్లవారుజామే మంచిది, రాత్రి చల్లదనానికి రెక్కలు బరువెక్కి కదలకుండా ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టి మత్తెక్కించి తీసే పద్ధతి కొందరు చెబుతారు. ఆ పని ఎప్పుడూ చేయకు.

ప్రశ్న: నికాన్ ఏఎఫ్-పి డీఎక్స్ 70-300కి 2ఎక్స్ టెలికన్వర్టర్ పెడితే 600 అవుతుందా?
- ఓ పాఠకుడు, ఉధ్నా

జవాబు: నికాన్ టెలికన్వర్టర్లు ఆ లెన్స్‌కి తగలవు. వేరే కంపెనీది తగిలించినా 2ఎక్స్ రెండు స్టాపుల వెలుతురు మింగేస్తుంది. మీ ఎఫ్/6.3 కాస్తా ఎఫ్/13 అవుతుంది, ఫోకస్ పట్టదు. ఆ డబ్బు దాచుకోండి.

ప్రశ్న: మార్కెట్లో హోల్‌సేల్‌గా చీరలు తీసుకుని ఆన్‌లైన్‌లో అమ్ముతాను. నేత దగ్గరగా తీస్తే చీర మీద లేని రంగుల చారలు ఫొటోలో వస్తున్నాయి. కస్టమర్లు చీర తిప్పి పంపుతున్నారు. జరీ ఒకచోట మండుతుంది, ఒకచోట నల్లగా కనిపిస్తుంది. మాక్రో లెన్స్ కొంటే పోతాయా?
- ఓ పాఠకురాలు, పర్వత్ పాటియా

జవాబు: పోవండీ. ఆ చారల్ని మోయిరే అంటారు. చీర పోగుల వరసా, సెన్సర్ మీది పిక్సెళ్ల వరసా ఒకే సందు దగ్గరికి వచ్చినప్పుడు పుడతాయి. కెమెరాని ఓ అడుగు వెనక్కో ముందుకో జరపండి, లేదా కొద్దిగా పక్కకి వంచండి. సగం సందర్భాల్లో అక్కడే పోతాయి. అప్పటికీ ఉంటే అపెర్చర్ ఎఫ్/16 చేయండి. ఆ కొద్దిపాటి మెత్తదనంలో చారలు కరిగిపోతాయి. వజ్రాలకి వద్దన్న పని మీకు పనికొస్తుంది. ఫోన్ తెర మీద చిన్నది చేసి చూస్తే లేని చారలు కూడా కనిపిస్తాయి, కాబట్టి నూరు శాతం పెద్దది చేసి చూశాకే తీర్మానించండి.

జరీకి పోలరైజర్ ఫిల్టర్ కొనమని ఎవరైనా చెబితే కొనకండి. నీళ్ల మీది, గాజు మీది మెరుపుని అది తగ్గిస్తుంది గానీ లోహం మెరుపుని తగ్గించలేదు. జరీకి కావాల్సింది పెద్ద లైటు. కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టి, చీరని పక్కన పరిచి, అవతలి వైపు తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టండి. వెలుగు ఒక వైపు నుంచి వాలుగా వస్తే పోగు పోగూ లేచి కనిపిస్తుంది. మీ దగ్గరున్న కిట్ లెన్సే దీనికి చాలు.

ప్రశ్న: ఉత్తరాయణ్‌కి డాబా మీద నుంచి పతంగులు, రాత్రి చంద్రుడు, అప్పుడప్పుడు పిట్టలు. ఇన్నిటికీ నికాన్ పీ950 లాంటి పెద్ద జూమ్ కెమెరా ఒక్కటి చాలదా?
- ఓ పాఠకుడు, డిండోలి

జవాబు: చంద్రుడికి చాలు, బాగా చాలు. 2000 మి.మీ.కి సమానమైన జూమ్ దగ్గర చంద్రబింబం ఫ్రేము ఎత్తులో మూడు వంతులు నిండుతుంది. పగటి ఎండలో పతంగులకీ ఇబ్బంది లేదు. సాయంత్రం పిట్టల దగ్గర మాత్రం నిరాశపడతారు. దాని సెన్సర్ వెడల్పు 6 మి.మీ. చిల్లర, డీఎస్ఎల్ఆర్‌ సెన్సర్‌లో నాలుగో వంతు వెడల్పు. వెలుతురు తగ్గగానే ఈకల గీతలు కలిసిపోతాయి. పిట్టలు 'అప్పుడప్పుడు' అన్నారు కాబట్టి మీకు ఇది సరైన కెమెరాయే, ధైర్యంగా తీసుకోండి.

జనవరి 14, 15 తేదీల్లో ఒక పని చేయండి. ఆ రెండు రోజులూ మాంజా తగిలి రెక్కలు కోసుకున్న పిట్టలు చాలా పడతాయి. డాబా మీద పెద్ద జూమ్‌తో ఉన్నవాళ్లకి చెట్టు కొమ్మకి చిక్కుకున్న పిట్ట ముందు కనిపిస్తుంది. ఫొటో తర్వాత, ముందు పిట్టల రక్షణకి తిరిగే వాళ్లకి ఫోన్ చేయండి. గుజరాత్ ప్రభుత్వం ఆ రోజుల్లో 'కరుణా అభియాన్' పేరుతో ఇందుకోసమే ఏర్పాట్లు చేస్తుంది. ఆ నంబరు పండగకి ముందే ఫోన్లో పెట్టుకోండి.

ప్రశ్న: మా ఇంటి కిందే పవర్‌లూమ్ షెడ్డు. లెన్స్ మార్చిన ప్రతిసారీ ఫొటోల్లో వెంట్రుకల్లాంటి నీడలు. వానల తర్వాత ఒక లెన్స్‌లో సాలెగూడు లాగా ఏదో కనిపిస్తోంది. బియ్యం డబ్బాలో పెడితే పోతుందా?
- ఓ పాఠకుడు, లింబాయత్

జవాబు: బియ్యం డబ్బాలో పెట్టకండి. అది తేమని పీల్చేది తక్కువ, పిండి ధూళి చేర్చేది ఎక్కువ. వెంట్రుకల్లాంటివి నూలు పీచు. షెడ్డు నడుస్తున్నప్పుడు ఇంట్లో లెన్స్ మార్చకండి. తప్పనిసరైతే కెమెరా ఆపి, మూతి కిందికి ఉంచి, సంచిలోపలే మార్చండి. పడిన పీచుని రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, నోటితో ఊదవద్దు.

సాలెగూడు లాంటిది ఫంగస్. లెన్స్ లోపలి గాజు పూతని అది తినేస్తుంది. ఇప్పుడే సర్వీసుకి ఇవ్వండి, మిగతా లెన్సుల నుంచి విడిగా ఉంచండి. ఇకముందు గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్ పెట్టుకోండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. మరీ 30 కంటే దిగితే లోపలి జిగురు, రబ్బరు ఎండిపోతాయి. ఏసీ గదిలోంచి జూలై గాలిలోకి కెమెరాని తీసుకెళ్లేటప్పుడు సంచి జిప్పు అరగంట తీయకండి. చల్లటి గాజు మీద నీటిపొర కట్టేది ఆ కొద్ది నిమిషాల్లోనే. అన్నిటికంటే మంచి మందు ఒకటుంది. లెన్స్‌ని వారానికోసారి బయటికి తీసి ఎండ వెలుతురులో వాడటం.

ప్రశ్న: బిల్లు లేకుండా తీసుకుంటే లెన్స్ చాలా తక్కువకి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
- ఓ పాఠకుడు, పూణా గామ్

జవాబు: వద్దు. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గి 2019 జనవరి నుంచే అమల్లో ఉంది. బిల్లు లేకపోతే కంపెనీ వారంటీ లేదు, దొంగసొత్తు అయితే అడిగే దిక్కూ లేదు. సెకండ్ హ్యాండ్ కొనండి, కానీ పాత బిల్లు మీది సీరియల్ నంబరూ లెన్స్ మీదిదీ ఒకటేనని చూసుకోండి. సెల్‌ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి లోపల ఫంగస్, గీతలు చూడండి. జూమ్ రెండు కొసల్లోనూ దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు తీసి, నాలుగు మూలలూ పెద్దది చేసి చూడండి.

ప్రశ్న: డిసెంబరులో స్నేహితులతో డాంగ్ అడవులకి, పూర్ణా అభయారణ్యంలోని మహాల్‌కి వెళ్తున్నాం. అక్కడ ఫారెస్ట్ ఔలెట్ కనిపిస్తుందట. సోనీ ఏ6400 ఉంది. 200-600 అద్దెకి తీసుకోనా, 70-350 కొనుక్కోనా? ఫోన్లో దాని కూత వినిపిస్తే దగ్గరికి వస్తుందని చెప్పారు.
- ఓ పాఠకుడు, అడాజన్

జవాబు: ఆ పిట్ట కథ తెలిస్తే ఆ చివరి వాక్యం మీరు రాసి ఉండరు. 1873లో హ్యూమ్ దీన్ని లోకానికి చెప్పాడు. 1884 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ ఖాయంగా చిక్కలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1997 నవంబరులో పమేలా రాస్‌ముస్సెన్ బృందం మీకు పొరుగున, మహారాష్ట్రలోని షహాదా దగ్గర మళ్లీ కనుక్కుంది. తర్వాత మీ డాంగ్ వైపు కూడా కనిపించింది. అయినా మొత్తంగా ఉన్నవి తక్కువే, ముప్పు తొలగలేదు. కూత వినిపిస్తే అది తన చోటులోకి వేరే గుడ్లగూబ దూరిందని బెంగపడి వస్తుంది. వేట మానుకుని, గూడు వదిలిపెట్టి మీ చుట్టూ తిరుగుతుంది. దయచేసి ఆ పని చేయకండి, బృందంలో ఎవరినీ చేయనివ్వకండి.

లెన్స్ విషయానికొస్తే, ఇది చాలా గుడ్లగూబల్లా రాత్రి పిట్ట కాదు, పగలు కూడా తిరుగుతుంది. టేకు చెట్ల బోసి కొమ్మల మీద ఎండలో కూర్చుంటుంది. వెలుతురు మీకు సమస్య కాదు, దూరమే సమస్య. పిట్ట పొడవు 23 సెంటీమీటర్లు. 30 మీటర్ల దూరం నుంచి 350 మి.మీ.తో సెన్సర్ మీద 2.7 మి.మీ., అంటే 690 పిక్సెళ్లు. 600తో 4.6 మి.మీ., దాదాపు 1,200. ఈ ఒక్క ప్రయాణానికి 200-600 అద్దెకి తీసుకోండి. అది రెండు కిలోల పైన ఉంటుంది, మోనోపాడ్ కూడా అద్దెకే అడగండి. తిరిగొచ్చాక 350తో మీ రోజువారీ ఫొటోలు సరిపోతాయనిపిస్తే 70-350 కొనుక్కోండి, అది 625 గ్రాములే.

ఏ6400 బాడీలో స్టెబిలైజేషన్ లేదు, 200-600 లెన్స్‌లో ఉంది. ఆ స్విచ్ వేసి, కూర్చున్న పిట్టకి సెకనులో 500వ వంతు నుంచి మొదలుపెట్టండి. ఏ6400కి జంతువుల కన్ను పట్టే సదుపాయం ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో వచ్చింది, కానీ అది కుక్కలు, పిల్లుల్లాంటి జంతువుల కోసం. పిట్టల విషయంలో దాన్ని నమ్ముకోకండి. ఫ్లెక్సిబుల్ స్పాట్ చిన్న సైజు పెట్టి కంటి మీద ఉంచండి. అభయారణ్యంలోకి వెళ్లేముందు అటవీశాఖ అనుమతి, కెమెరా రుసుము సంగతి కనుక్కోండి. వీలైతే స్థానికంగా ఉండే గైడ్‌ని తీసుకోండి, ఏ గూడు వైపు వెళ్లకూడదో ఆయనకే తెలుస్తుంది. ఫొటోని ఎక్కడైనా పెట్టేటప్పుడు జీపీఎస్ స్థానం తీసేసి, 'డాంగ్ జిల్లా' అని మాత్రమే రాయండి.